కౌంటర్ వెనక పుట్టిన పాటలు

బుడాపెస్ట్‌లో మరచెక్ గారి అత్తరు దుకాణం. ఉద్యోగం కోసం అమాలియా అనే అమ్మాయి వస్తుంది. ఖాళీలు లేవంటారు. మూత తీస్తే సంగీతం వినిపించే సిగరెట్ పెట్టె ఒకటి అక్కడుంది. అమాలియా దాన్ని చేతిలోకి తీసుకుని, అప్పుడే లోపలికొచ్చిన ఒకావిడకు మిఠాయిల పెట్టె అని పాడుతూ చూపిస్తుంది. తెరిచినప్పుడల్లా వినిపించే ఆ సంగీతం, తీపి తగ్గించుకోమని గుర్తుచేస్తుందట! పాట పూర్తయ్యేసరికి పెట్టె అమ్ముడుపోతుంది, అమాలియాకు ఉద్యోగం దొరుకుతుంది.

'షీ లవ్స్ మీ' అనే బ్రాడ్‌వే సంగీత నాటకం పనితనం ఈ చిన్న పాటలోనే తెలిసిపోతుంది. మన పద్యనాటకంలో నటుడు రాగం తీస్తుంటే కథ కాసేపు ఆగుతుంది, వన్స్‌మోర్ కొడితే ఇంకాసేపు ఆగుతుంది. ఆ సుఖం వేరు. ఇక్కడ మాత్రం కథను ముందుకు నడిపే పని పాటదే.

దీనికి మూలం మిక్లోష్ లాస్లో రాసిన 1937 నాటి హంగేరియన్ నాటకం. అమాలియాకూ, అదే కొట్టులో పనిచేసే గేయోర్గ్‌కూ క్షణం పడదు. పేర్లు తెలియకుండా ప్రేమలేఖలు రాసుకుంటున్నదీ వాళ్లిద్దరే. 1940లో లూబిచ్ తీసిన 'ద షాప్ అరౌండ్ ద కార్నర్', 1998లో ఉత్తరాలకు బదులు ఈమెయిళ్లతో వచ్చిన 'యూవ్ గాట్ మెయిల్' సినిమాలు ఈ కథలోంచి పుట్టినవే.

జెరీ బాక్ బాణీలు, షెల్డన్ హార్నిక్ పాటలు, జో మాస్టెరాఫ్ మాటలు. బేరాల పాట 'సౌండ్స్ వైల్ సెల్లింగ్' చూడండి. ముగ్గురు గుమాస్తాలు, ముగ్గురు కొనేవాళ్లు ఒకేసారి మాట్లాడుతుంటారు. మనకు వినిపించేవి ముక్కలే. ఒకరి మాట సగంలో తెగితే ఇంకొకరి మాట వచ్చి అతుక్కుంటుంది, అర్థం తలకిందులై నవ్వొస్తుంది. రద్దీ వేళ కొట్టులో వినిపించే గోలనే తాళంలో పెట్టారు. ఇది ఎంత కష్టమైన పనో పాడేవాళ్లకే తెలియాలి. ఒకరు అర మాత్ర తప్పినా అతుకు ఊడిపోతుంది.

రెండో అంకంలో 'వనిల్లా ఐస్‌క్రీమ్' నాకు ప్రాణం. ఉత్తరాల మనిషి కలుద్దామనుకున్న కెఫేకి రాలేదన్న దిగులుతో అమాలియా మంచమెక్కింది. గేయోర్గ్ ఐస్‌క్రీమ్ పట్టుకుని చూడ్డానికొచ్చి వెళతాడు. ఆమె యథాప్రకారం ఉత్తరం రాయడానికి కూర్చుంటుంది. ఒక వాక్యం రాస్తుందో లేదో మనసు గేయోర్గ్ మీదికి పోతుంది. మళ్లీ కలం పడుతుంది, మళ్లీ పోతుంది. ఉత్తరానికి ఒక నడక, తలపోతకు ఇంకో నడక. ప్రేమలో పడ్డానని అమాలియాకు తెలియకముందే బాణీ మనకు చెప్పేస్తుంది.

హెరాల్డ్ ప్రిన్స్ దర్శకత్వంలో 1963 ఏప్రిల్ 23న న్యూయార్క్‌లో తెర లేచింది. అమాలియాగా నటించింది బార్బరా కుక్. హంగుల్లేని ఈ చిన్న నాటకం 302 ప్రదర్శనలతో 1964 జనవరి 11న ఆగిపోయింది. అయిదు రోజులకు 'హలో, డాలీ!' మొదలై ఆ ఏడాది 10 టోనీ అవార్డులు పట్టుకెళ్లింది. 'షీ లవ్స్ మీ'కి దక్కింది ఒక్కటే, ఆడవాళ్లను బుట్టలో వేసే గుమాస్తా కొడాలీగా నటించిన జాక్ కాసిడీకి. అన్యాయమనే అంటాను. అదే ఏడాది బాక్, హార్నిక్‌ల 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్' వచ్చింది. అందరూ వాళ్లను దానితోనే గుర్తుపెట్టుకున్నారు.

1993లో రౌండబౌట్ సంస్థ స్కాట్ ఎలిస్ దర్శకత్వంలో మళ్లీ వేశాక దీని విలువ జనానికి తెలిసింది. 2016లో అదే సంస్థ, అదే దర్శకుడు. డేవిడ్ రాక్‌వెల్ వేసిన సెట్‌లో దుకాణం ముఖద్వారం విచ్చుకుని లోపలి అలమరలు బయటపడేవి. దానికి టోనీ వచ్చింది. ఆ జూన్ 30న ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైన మొదటి బ్రాడ్‌వే నాటకం ఇదే.

తొలి బృందం పాటలు రెండు ఎల్పీల ఆల్బమ్‌గా వచ్చాయి. కొత్తవాళ్లు అక్కడే మొదలుపెట్టాలి. బేరాల పాట రెండుసార్లు వినండి. మొదటిసారి గోలే. రెండోసారికి ఎవరు ఏం కొంటున్నారో తెలుస్తుంది.