వాకిలికి సాదా కాంక్రీటే సింగారం

తమిళనాడు ధర్మపురి జిల్లా కొండల్లోని పిక్కిలి లాంటి ఊళ్లలో కొత్త ఇల్లు కట్టుకున్నవారు చివరికి తేల్చుకోవలసింది ఇంటి ముందు సంగతి. గోడలు లేచాయి, స్లాబు పడింది, రంగులూ అయ్యాయి. మిగిలింది వాకిలి, పెరటి దారి, బండి నిలిపే జాగా. మట్టిగా వదిలేస్తే వానాకాలమంతా బురద. సిమెంటు వేయిద్దామంటే, ఎలాంటిది? మామూలు కాంక్రీటు పోసి చీపురు గీతలు పెట్టించాలా, పట్నంలో చూసినట్టు రంగు కలిపి రాతి అచ్చులు వేయించాలా? ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల తెలుగు ఇళ్లలోనూ, సరిహద్దుకు ఇవతల చిత్తూరు, అనంతపురం పల్లెల్లోనూ ఇదే మీమాంస. నా మాట ముందే చెబుతాను: ఆరుబయట నేలకు సాదా కాంక్రీటే మేలు. సాదా అంటే ఏదో ఒకటి పోసి కానిచ్చేయడం కాదు. మన పెద్దలు వాకిలి తీర్చిన పద్ధతి చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

పాత వాకిలి పనితనం

మట్టి వాకిలికి ముందు ఎర్రమన్ను పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టి గట్టిపరిచేవారు. ఇంటి గోడ నుంచి వీధి వైపుకు కాస్త వాటం ఉంచేవారు, వాన నీరు పునాది దగ్గర నిలవకుండా. ఆపైన పేడతో అలుకు. పేడలోని సన్నని గడ్డిపీచు మట్టి పొరను పట్టి ఉంచుతుంది, పగుళ్లు తగ్గిస్తుంది, దుమ్ము లేవనివ్వదు. అలుకు అరిగితే ఇంట్లోవాళ్లే మళ్లీ అలుకుతారు. పొద్దున్నే కల్లాపి, దాని మీద ముగ్గు. కింద నేల సాదాగా ఉండేది, సింగారం ఏరోజుకారోజు కొత్తగా పడేది.

కలిగినవారి ఇళ్లలో గచ్చు ఉండేది. గానుగ సున్నం, ఇసుక, చితక్కొట్టిన ఇటుక ముక్కలు కలిపి పరిచి, చెక్క పలకలతో రోజుల తరబడి కొట్టేవారు. నానబెట్టిన కరక్కాయల నీళ్లు, బెల్లపు నీళ్లు మధ్యమధ్య చిలకరించేవారు. కొట్టేకొద్దీ లోపలి గాలి, మిగులు నీరు బయటికి వచ్చి గచ్చు బిగుసుకునేది. మద్రాసు టెర్రస్ అని పేరుపడ్డ పాత మిద్దెల పైకప్పుకూ ఇలాంటి పనే చేశారు. పైమెరుగు అన్నిటికన్నా చివర. కింద గట్టి నేల, నీటికి వాటం, ఆరే దాకా ఓపిక: అలుకు వాకిలికీ గచ్చుకూ మూలం ఈ మూడే. కాంక్రీటుకూ ఇవే మూలం.

సింగారం సిమెంటు సంగతి

సిమెంటుతో అందం చేయడం ఈ నేలకు కొత్త కాదు. చెట్టినాడులోని ఆత్తంగుడి పలకలు చేత్తో చేసే సిమెంటు పలకలే. గాజు పలక మీద లోహపు అచ్చు పెట్టి, అరల్లో రంగు సిమెంటు జారుగా పోసి, అచ్చు తీసి, వెనక సిమెంటు, ఇసుక నింపి, తర్వాత నీళ్లలో నానబెడతారు. గాజు నునుపు పలకకు దిగుతుంది. నడవలోనూ హాల్లోనూ ఆ పలకలకు సాటి లేదు. వానకు తడిసే మెట్ల మీద మాత్రం ఆ నునుపే జారుడవుతుంది.

ఇప్పుడు పట్నాల్లో కనిపించే అచ్చు కాంక్రీటు 1950లలో అమెరికాలో బ్రాడ్ బౌమన్ చేతుల్లో రూపు దిద్దుకుంది. పోసిన కాంక్రీటు ఇంకా మెత్తగా ఉండగానే రంగు పొడి చల్లి తాపీతో ఎక్కిస్తారు. అంటుకోకుండా మరో పొడి చల్లి, రబ్బరు లాంటి అచ్చులు అదుముతారు. ఆరాక పైన సీలర్ పూత పూస్తారు. ఇదంతా కాంక్రీటు బిగిసేలోపు జరగాలి. ఎండాకాలంలో ఆ వ్యవధి మరీ తక్కువ. ఎండకూ టైర్లకూ అరిగే ఆ పూతను కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి, మందంగా వేస్తే తడిలో జారుతుంది. అసలు చిక్కు మరమ్మతులో ఉంది. ఒకచోట పగిలితే పాత రంగుకు కొత్త రంగు కలవదు, అతుకు ఎప్పటికీ కనిపిస్తుంది. అచ్చులున్న పనివాళ్లు పట్నంలో ఉంటారు, కొండ మీది ఊరికి చిన్న అతుకు కోసం రారు. పైగా ముదురు రంగు ఎండను ఎక్కువ పీలుస్తుంది. లేత బూడిద రంగు కాంక్రీటు అంతగా కాలదు. చెప్పుల్లేకుండా వాకిట్లో తిరిగే మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

సింగారాల్లో నేను ఒప్పుకునేది ఒకటుంది. కాంక్రీటు పోసిన కొన్ని గంటలకు పైనున్న సిమెంటు పాలను నీళ్లతో, బ్రష్షుతో కడిగి కంకర తేల్చడం. రంగు రాతిదే కనుక వెలిసిపోదు, తడిలో కాలు జారదు. ధర్మపురి, కృష్ణగిరి గ్రానైటుకు పేరుపడ్డ సీమ, మంచి కంకరకు కొదవ లేదు. పెరటి దారికీ బండి దారికీ ఇది బాగుంటుంది. ముగ్గు కుదిరే నేల కాదు కాబట్టి గడప ముందు వద్దు.

సాదాలో ఉన్న పని

సాదా కాంక్రీటులో తప్పు దాచడానికి ఏమీ ఉండదు. అందుకే పని సరిగ్గా ఉండాలి. కింద మట్టిని పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. నడిచే చోట 4 అంగుళాల మందం చాలు, కారు నిలిచే చోట 5 నుంచి 6 అంగుళాలు కావాలి. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్ల ఇసుక, మూడు పాళ్ల కంకర కలిపే ఎం20 పాళ్లు మేస్త్రీలందరికీ తెలిసినవే. ఎక్కువగా తప్పేది నీటి దగ్గర. ఈ పాళ్లకు 50 కిలోల బస్తాకు 30 లీటర్లు మించకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. తడి ఇసుకలో ఉన్న నీరు కూడా ఆ లెక్కలోదే. జారుగా ఉంటే పోయడం సుళువని నీళ్లు గుమ్మరిస్తే బలం పోతుంది, పైపొర పొడిగా రాలుతుంది.

వాటం 50 అడుగులకు ఒక అడుగు చొప్పున ఉంటే నీరు నిలవదు. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుంటుంది కనుక ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. ఆ చీలిక ఎక్కడ రావాలో మనమే నిర్ణయించాలి. 4 అంగుళాల మందానికి 8 నుంచి 10 అడుగులకు ఒక గాడి, మందంలో నాలుగో వంతు లోతున పెట్టించాలి. పైకి తేలిన నీటి మీద పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దే అలవాటు చాలాచోట్ల ఉంది. దాన్ని ఒప్పుకోవద్దు, ఆ పలుచని పొరే సన్నగా చిట్లి పెచ్చులూడేది. తేలిన నీరు ఆరాక చెక్కతో సమం చేసి, చీపురుతో వాటానికి అడ్డంగా గీతలు లాగిస్తే మనుషుల కాళ్లూ పశువుల గిట్టలూ జారవు. ముగ్గుపిండి కూడా ఆ గరుకు మీద నిలుస్తుంది.

ఆ తర్వాత తడి. ఇప్పుడు ఇళ్లకు ఎక్కువగా వాడే పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజోలానా) సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదని అదే ప్రమాణం చెబుతుంది, వీలైతే 14 రోజులు ఉంచమంటుంది. చుట్టూ మట్టి గట్టు కట్టి నీళ్లు నిలపవచ్చు, గోనెపట్టాలు పరిచి తడపవచ్చు. గచ్చు కొట్టినవారి ఓపిక ఇక్కడ కావాలి.

సాదా నేలలో అందమేముందనేవారు పుదుచ్చేరి అరవిందాశ్రమంలోని గోల్కొండ్ భవనం చూడాలి. ఆంటొనిన్ రేమండ్ రూపకల్పనతో 1930లలో పని మొదలైన ఆ భవనం మన దేశపు తొలితరం కాంక్రీటు కట్టడాల్లో ఒకటి. హైదరాబాదు దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం నుంచి విరాళం రావడంతో దానికి గోల్కొండ పేరు పెట్టారు. పైపూత లేని కాంక్రీటుతో, కేవలం పనితనంతో నిలిచిన అందం అది.

కొంత నేలను వదలండి

ఎంత మంచి కాంక్రీటైనా వాకిలంతా కప్పితే వాన నీరు భూమిలోకి దిగదు. ధర్మపురి, కృష్ణగిరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బెడద ఉండబట్టే హొగెనక్కల్ నుంచి కావేరి నీటిని తాగడానికి తెచ్చే పథకం పెట్టవలసి వచ్చింది. తమిళనాడు 2003లోనే ప్రతి ఇంటికీ వాన నీటి నిల్వ ఏర్పాటు తప్పనిసరి చేసింది. కాబట్టి నడిచే మేర, బండి నిలిచే మేర పోసి, మిగతాది మట్టిగా, మొక్కలకు వదలండి. కాంక్రీటు వాటాన్ని ఆ మట్టి వైపుకో ఇంకుడు గుంత వైపుకో తిప్పండి.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు రంగు, అచ్చు ప్రస్తావనకు ముందు నాలుగు మాటలు అడగండి: కింద ఎంత గట్టిపరుస్తావు, నీళ్లెంత పోస్తావు, గాళ్లు ఎక్కడ పెడతావు, ఎన్ని రోజులు తడుపుతావు? అచ్చులకూ పూతలకూ పెట్టే డబ్బును ఈ నాలుగింటికి పెట్టండి. మీ వాకిలి మీ పిల్లల కాలానికీ పనికొస్తుంది.