ముఖచిత్రం చూపిన నేరం, చూపని నేరం: డిటెక్టివ్ నవలల సేకరణ - కడప జిల్లా సందర్భం

తెలుగు డిటెక్టివ్ నవలకు సాహిత్య చరిత్రలలో దక్కిన చోటు స్వల్పం. కొమ్మూరి సాంబశివరావు (1926-1994) సృష్టించిన యుగంధర్, రాజు పాత్రలు పాఠకులకు నేటికీ గుర్తున్నా, ఆ నవలలు తొలి అట్టలతో దొరకడం అరుదు. అద్దె పుస్తకాల దుకాణాలు చినిగిన అట్టకు బదులు దళసరి కాగితం వేసి కుట్టేవి. గ్రంథాలయాలలో బైండింగు వేసేటప్పుడు ముఖచిత్రం పోయేది. కథ మిగిలింది, కథలోకి పాఠకుణ్ణి పిలిచిన బొమ్మ మిగలలేదు. ముఖచిత్రం, శీర్షిక, ముందుమాట వంటివి పఠనాన్ని ముందుగానే నిర్దేశిస్తాయని జెరార్ జెనెత్ 1987లో ప్రతిపాదించాడు. ఆ దృష్టితో చూస్తే అట్ట ఉన్న ప్రతికి సేకర్తలు ఇచ్చే విలువ సమంజసమే.

అయితే ఆ అట్ట ఏ నేరాన్ని చూపిందన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న. రివాల్వరు, నీడలో నిలిచిన ఆగంతకుడు, బెదిరిన స్త్రీ - ఇవి ఆ బొమ్మలలో తరచు కనిపించే సామగ్రి. 'చంపినదెవరు?' అన్న కుతూహలమే వాటికి ప్రాణం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ముఠాకక్షలలో ఆ కుతూహలానికి తావు తక్కువ. చంపినదెవరో ఊరికి తెలుసు. సాక్ష్యం చెప్పేదెవరన్నదే అక్కడి చిక్కుముడి. దానిని విప్పడం యుగంధర్ వంటి పరిశోధకుడి పని కాదు.

ఈ సీమ నిజనేర సాహిత్యాన్ని వేరేచోట వెదకాలి. పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికలు, కోర్టు తీర్పులు, స్థానిక పత్రికల కత్తిరింపులు ఆ కోవలోనివి. ముఠాతత్త్వాన్ని వ్యక్తుల పగగా మాత్రమే చూడక భూమి, కాంట్రాక్టులు, స్థానికాధికారాలతో ముడిపెట్టి కె. బాలగోపాల్ (1952-2009) విశ్లేషించారు. ఇటువంటి రచనలు సాదా అట్టలతో, చౌక కాగితంపై వెలువడినవే ఎక్కువ. బొమ్మ అందాన్ని బట్టి విలువ కట్టే సేకర్త చేయి వాటిదాకా పోదు. అట్టలేని నవలకన్నా ముందుగా నశించేవి ఇవే.

పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ కడపలో పనిచేసినవాడు. ఆ పట్టణంలో ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. రంగుల అట్టనూ, రంగులేని నివేదికనూ ఒకే పట్టికకెక్కించే సేకరణ అక్కడ సాధ్యం. నేరాన్ని వినోదంగా చదివిన సమాజమూ, నేరం నడుమ నోరు విప్పలేక బ్రతికిన సమాజమూ ఒకటేనని రెండింటినీ పక్కపక్కన ఉంచినప్పుడే తెలుస్తుంది.