చెప్పేది ఒకరు, రాసేది ఒకరు: ‘కమ్మని ఈ ప్రేమలేఖ’

‘గుణ’ సినిమా 1991లో తమిళంలో వచ్చింది, తర్వాత తెలుగులోకి డబ్బింగ్ చేశారు. సంగీతం ఇళయరాజా. ‘కమ్మని ఈ ప్రేమలేఖ’ పాటను తెలుగులో వెన్నెలకంటి రాస్తే, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఆయన చెల్లెలు శైలజ పాడారు. (వింటున్నంతసేపూ వాళ్ళు అన్నాచెల్లెళ్ళని గుర్తే రాదు!) ముప్పై ఏళ్ళు దాటినా మన చాళ్ళలో ఈ పాట ఇంకా మోగుతూనే ఉంది. రాగం బాగుంది కాబట్టి అంటారు. రాగం బాగున్న పాటలు ఇళయరాజావే వందలున్నాయి, అన్నీ ఇలా నిలిచాయా?

నాకైతే అసలు సంగతి ఉత్తరంలో ఉందనిపిస్తుంది. గుణకి మనసులో ఉన్నది రాయడం రాదు. అతను మామూలు మాటల్లో చెబుతుంటే ఆమె రాసుకుని పాడి వినిపిస్తుంది. మాట మన ముందే పాట అవుతుంది. మిగతా ప్రేమపాటల్లో హీరో పుట్టుకతోనే కవి. ఇతను తడుముకుంటాడు. అడిగేది కూడా పెద్ద విషయమేం కాదు, క్షేమసమాచారం. మన పెద్దవాళ్ళు ప్రతి ఉత్తరం మొదట్లో ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము’ అని రాయించేవారే, అదే.

రాయించేవారు అన్నాను. కామాటిపుర పేరే తెలుగు ప్రాంతాల నుంచి పనికి వచ్చిన కామాటీల వల్ల వచ్చింది. చదువు రానివాళ్ళు ఊళ్ళో భార్యకు కబురు పంపాలంటే చదువొచ్చిన పక్కింటివాళ్ళను బతిమాలుకోవాలి. జీపీఓ ఎదురుగా డబ్బు తీసుకుని ఉత్తరాలు రాసిపెట్టేవాళ్ళూ ఉండేవారు. పరాయి మనిషి ముందు ‘నువ్వు గుర్తొస్తున్నావు’ అని ఎలా చెబుతారు? క్షేమం అడిగి, పంపిన డబ్బు ఎంతో చెప్పి ఆపేయాలి. మనియార్డరు ఫారంలోనైతే నాలుగు ముక్కలకే చోటు. మిగతాదంతా ‘క్షేమం’ అనే ఒక్క మాటలో ఇమడాలి. ఈ పాట ఆ మాటను విప్పి లోపల ఏముందో చూపించింది. మనవాళ్ళకు దగ్గరైంది అందుకే.

అయితే ఒకటి అడగాలి. కథలో ఆ అమ్మాయి తనంతట తాను రాలేదు. గుణ ఆమెను ఎత్తుకొచ్చి గుహలో పెట్టాడు. బలవంతంగా తెచ్చిన ఆడపిల్లల కథలు మన పేటలో సినిమా కథలు మాత్రమే కావు. ‘పాపం, పిచ్చి ప్రేమ’ అని వదిలేయడం నాకిష్టం లేదు. ఆమె గొంతు ఎంత తీయగా ఉన్నా రాస్తున్నది అతని ఉత్తరమే. ఆమె ఉత్తరం రాయడానికి అక్కడ ఎవరూ లేరు.

2024లో వచ్చిన మలయాళ సినిమా ‘మంజుమ్మెల్ బాయ్స్’లో, కొడైకెనాల్ దగ్గర అదే గుహలో పడిపోయిన స్నేహితుణ్ణి పైకి తెచ్చేటప్పుడు ఈ పాట తమిళంలో వస్తుంది. అది 2006లో నిజంగా జరిగిన సంగతి. అక్కడ ఎత్తుకొచ్చినవాడూ లేడు, బందీ లేదు. ఒకడు ఇంకొకణ్ణి వదల్లేదు, అంతే. పాట అక్కడా చక్కగా అతికింది. అంటే గుణ కథ లేకపోయినా ఇది బతకగలదు. కథతో కలిపి చూసినప్పుడు మాత్రం నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

ఈసారి వింటే శైలజ పాడిన భాగం మీద చెవి పెట్టండి. అతను తడబడుతూ చెప్పిన మాటను ఆమె నిదానంగా సాగదీసి తిరిగి వినిపిస్తుంది. ఉత్తరం రాసిపెట్టినవాళ్ళు అంటించే ముందు చదివి వినిపించేవారు చూడండి, అలాగ.