అబాకస్ మీద లినక్సు: ఒక పరిశీలన

హైదరాబాదు కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన 'అనురాగ్' ప్రయోగశాల 1988లో ఏర్పడినది. విమానం చుట్టూ గాలి ఏ విధంగా ప్రవహించునో లెక్కకట్టుటకు 'పేస్' అను సమాంతర గణన యంత్రాన్ని నిర్మించినది ఈ శాలయే. తరువాత ఇక్కడి శాస్త్రజ్ఞులు 'అనుపమ', 'అబాకస్' అను 32 బిట్ల ప్రాసెసర్లను రూపొందించినారు. అబాకస్‌పై లినక్సు నిర్వహణ వ్యవస్థను నడిపించినట్లు కూడ ఆ సంస్థ ప్రకటించినది. తెలుగు నేలపై జరిగిన ఇట్టి పనిని మెచ్చుకొనుట తేలిక. దాని మంచిచెడ్డలను తూచి చూచుట అంతకంటె అవసరం.

ముందుగా పని ఎట్టిదో తెలిసికొందము. కంప్యూటరులో మన కంటికి కనిపించు ప్రోగ్రాములన్నింటికి అడుగున కెర్నెలు అను ప్రోగ్రాము ఒకటి ఉండును. మెమరీని పంచిపెట్టుట, ఏ ప్రోగ్రాము ఎంతసేపు నడవవలెనో నిర్ణయించుట, డిస్కు, కీబోర్డు మొదలైన పరికరాలను నడిపించుట దాని బాధ్యత. లినక్సు కెర్నెలులో అత్యధిక భాగం సీ భాషలో వ్రాయబడినది. సీ భాషలోని వాక్యాలను ఆయా ప్రాసెసరు ఆదేశాలుగా మార్చునది కంపైలరు. అట్లయిన, కొత్త ప్రాసెసరుకు కంపైలరు ఒక్కటి సమకూర్చుకొన్న చాలును గదా, కెర్నెలును ముట్టుకొనుట ఎందుకు అని విద్యార్థి అడుగవచ్చును.

గుంటూరులో వెనుకటి మిర్చి కొట్టు నొకదానిని ఊహించుకొనండి. సరుకు కాటాకెక్కును, తూకం పద్దులోకెక్కును, కమీషను, హమాలీ పోను రైతుకు రావలసినది గుమాస్తా తేల్చును. 1956 నాటి చట్టం వలన మెట్రిక్ తూనికలు వచ్చి, మణుగులు, వీశెలు పోయినవి. కమీషను కట్టు పద్ధతి మాత్రం మారలేదు. మణుగుకు 8 వీశెలన్న లెక్కను కాటా దగ్గర ఒక్కచోటనే ఉంచుకొన్న గుమాస్తాకు మార్పు ఒక పూట పని. దానిని పద్దు పుస్తకంలో పుటపుటకు చొప్పించుకొన్న వానికి పుస్తకమంతయు తిరగవ్రాయవలసిన కర్మ.

1991లో పుట్టినప్పుడు లినక్సు ఈ రెండవ గుమాస్తా పుస్తకం వంటిదే. అది ఇంటెల్ 386 ప్రాసెసరుకే కట్టుబడినదని, వేరు యంత్రానికి తరలునది కాదని దాని కర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆనాడే చెప్పినాడు. ఆల్ఫా అను 64 బిట్ల ప్రాసెసరుకు మార్చవలసి వచ్చినప్పుడు యంత్రంపై ఆధారపడు భాగాలను వేరు విభాగంలోకి విడదీసినారు. 1995 మార్చిలో వెలువడిన 1.2 ప్రతిలో ఆల్ఫాతో పాటు మరికొన్ని ప్రాసెసర్లకును చోటు దొరకినది. అప్పటి నుండి కొత్త ప్రాసెసరును చేర్చుట అనగా, ముఖ్యంగా, ఆ కాటా గదిని కొత్తగా కట్టుటయే.

ఆ గదిలో ఉండవలసినవి కొన్ని. విద్యుత్తు రాగానే మొదట నడుచు ఆదేశాలు. గడియారం స్పందించినప్పుడు, పరికరం పిలిచినప్పుడు, ప్రోగ్రాము తప్పుచేసినప్పుడు ప్రాసెసరు దూకవలసిన తావు. ఒక ప్రోగ్రామును ఆపి మరియొకదానిని నడిపించు మార్పిడి. వీటిలో చాలవరకు సీ భాషలో చెప్పశక్యం కాదు. ఏలయన, రిజిస్టర్ల పేర్లు సీ భాషకు తెలియవు.

అన్నింటికంటె ముఖ్యమైనది మెమరీ పటం. లినక్సులో ప్రతి ప్రోగ్రాము తనకొక ప్రత్యేక మెమరీ ఉన్నదనుకొనును. అది చెప్పు చిరునామా వేరు, చిప్పులోని అసలు తావు వేరు. ఈ రెండింటిని ప్రతి క్షణం జతపరచుటకు ప్రాసెసరులోనే ఒక యంత్రాంగం కావలెను. అది లేని ప్రాసెసర్లపై లినక్సును కొంత కుదించి నడుపవచ్చును గాని, ఒక ప్రోగ్రాము చేసిన తప్పు నుండి మరియొకదానికి రక్షణ ఉండదు. అనుపమ గర్భానికే ఈ యంత్రాంగాన్ని జోడించి అబాకస్‌ను చేసినారు. నా దృష్టిలో అనురాగ్ వారి పనిలో ప్రశంసకు మొదట అర్హమైనది ఇదే. ప్రాసెసరును ముందు చేసి, దానిపై ఏమి నడుచునో తరువాత వెదకుకొనుట లోకంలో తరచుగా జరుగునది. వీరు నడువవలసిన వ్యవస్థను దృష్టిలో ఉంచుకొని యంత్రాన్ని మలచినారు.

ఇక లోపం మాట. అబాకస్ కొరకు చేసిన మార్పులు లినక్సు ప్రధాన ప్రతిలో ఎన్నడును చేరలేదు. ఇది కీర్తికి సంబంధించిన చిన్న విషయంగా తోచవచ్చును, కాదు. లినక్సు దాదాపు తొమ్మిది, పది వారాలకొక కొత్త ప్రతిగా వెలువడును. దాని లోపలి భాగాల మధ్య ఒప్పందాలు స్థిరంగా ఉండవు. ఎవరైన ఒక ఒప్పందాన్ని మార్చినచో, ప్రధాన ప్రతిలోని ప్రాసెసరు విభాగాలన్నింటిలోను దానికి తగిన సవరణ వారే చేయవలెను. బయట ఉన్న విభాగానికి ఈ సేవ లేదు. దానిని కన్నవారే ఏటేట మోసుకొని పోవలెను. వారు ఆగినచో అది పాత ప్రతి దగ్గరనే నిలిచిపోవును.

తప్పులు పట్టుకొనుట మరియొక సంగతి. ఒక హమాలీ టిక్కీని కాటాపై పెట్టి, పిదప "అయినది" అని జెండా ఎత్తుననుకొందము. దూరాన ఉన్న గుమాస్తాకు జెండా ముందు, టిక్కీ తరువాత కనిపించిన ఏమగును? ఖాళీ కాటాను తూచును! అనేక ప్రాసెసర్లున్న యంత్రంలో, ఒకటి మెమరీలో వ్రాసిన వరుస మరియొకదానికి తారుమారుగా కనిపించుట కొన్ని జాతుల ప్రాసెసర్లలో చెల్లును. ఇంటెల్ జాతి ఈ విషయంలో కట్టుదిట్టం. ఆర్మ్, రిస్క్-ఫైవ్ జాతులు వదులు. కావలసినచోట కంచె వంటి ఆదేశం వ్రాయకున్న, ఆ పొరపాటు నూరు రోజులు దాగి నూటొకటవనాడు బయటపడును. ఇట్టివి పదిమంది చదివి, వేయిమంది నడిపించిననే తేలును. నాలుగు గోడల మధ్య పరీక్షకు లొంగవు.

అనురాగ్ పక్షాన చెప్పదగినదియు ఉన్నది. రక్షణశాలకు గోప్యత సహజం. లినక్సు లైసెన్సు కూడ ప్రోగ్రామును పొందినవారికే మూలాన్ని ఇవ్వుమనును గాని, లోకానికంతకు చాటుమనదు. ప్రధాన ప్రతిలో చేరిన మాత్రాన శాశ్వతత్వం కలుగదనియు అనవచ్చును. నిజమే. 2018 జూనులో వెలువడిన 4.17 ప్రతి నుండి, వాడువారు, చూచువారు లేని ఎనిమిది ప్రాసెసరు జాతులను ఒక్కసారిగా తొలగించినారు. ఆ ప్రతిలోనే కొత్తగా చేరిన 'ఎన్.డి.ఎస్. 32' అను జాతి 2022లో తానును పోయినది. అయినను అవి పోయిన తీరు వేరు. పాత ప్రతులు తెరచినచో ప్రతి వాక్యం నేటికిని కనిపించును. ఎవరు వ్రాసినారో, ఏ తప్పును ఎవరు దిద్దినారో కూడ తెలియును.

వాడుక విస్తారంగా లేని ప్రాసెసరుకు ఈ మార్గం అందదను వాదం కూడ నిలువదు. ఔత్సాహికులు నడిపిన ఓపెన్‌రిస్క్ అను చిన్న జాతి 2011లో 3.1 ప్రతిలో చేరినది. తరువాత మదరాసు ఐ.ఐ.టి. వారి 'శక్తి' ప్రాసెసరు కథ మనకు తెలిసినదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో 2010లో మొదలైన రిస్క్-ఫైవ్ అను బహిరంగ ఆదేశ సముదాయాన్ని వారు స్వీకరించినారు. ఆ సముదాయానికి లినక్సు మద్దతు 2018 జనవరిలో 4.15 ప్రతిలో వచ్చినది. శక్తి చిప్పుపై లినక్సు నడిచినది ఆ సంవత్సరమే. కాటా గదిని కట్టుటలో అనేక దేశాల వారి చేతులున్నవి. శక్తి బృందం తన శ్రమను ప్రాసెసరుపై వెచ్చించగలిగినది. అబాకస్ కాలానికి రిస్క్-ఫైవ్ లేదన్నది వాస్తవం. కాబట్టి ఎంపికను తప్పుపట్టుట న్యాయం కాదు. వ్రాసినదానిని పదిమంది ముందు పెట్టకపోవుటయే నా ఆక్షేపణ.

ఉపాధ్యాయులకు దీనితో నేరుగా సంబంధం ఉన్నది. తెనాలిలోనో ఒంగోలులోనో ఒక విద్యార్థి లినక్సులోని రిస్క్-ఫైవ్ విభాగాన్ని తెరచి, రెండు ప్రోగ్రాముల మధ్య మార్పిడి జరుగు పుటను చదువవచ్చును. ప్రాసెసరులో 32 రిజిస్టర్లున్నను, అక్కడ మొదట దాచునది పదునాలుగే: తిరిగివచ్చు చిరునామా, స్టాకు చిరునామా, మరి పన్నెండు. మిగిలినవి ఏల దాచరని అతడు అడుగును. పిలిచినవారే వాటిని కాపాడుకొనవలెనని సీ కంపైలరుతో ముందే ఒప్పందమున్నదని ఉపాధ్యాయుడు చెప్పగలడు. క్యూఎమూ అను అనుకరణ ప్రోగ్రాముతో, ఆ ప్రాసెసరు చేతిలో లేకున్నను, దానిని నడిపి చూపగలడు. హైదరాబాదులో ఇదే మార్పిడిని అబాకస్‌కు ఏ విధంగా వ్రాసినారు, ఎన్ని రిజిస్టర్లు దాచినారు అని ఆ పిల్లవాడే తరువాత అడిగినచో, ప్రధాన ప్రతిలో తెరచి చూపుటకు పుట లేదు.