భుజం దగ్గర ఒక మిల్లీమీటరు

బట్టల కొట్టులో గుడ్డ కొలిచాక కొట్టతను అంచున కత్తెరతో చిన్న గాటు పెడతాడు. ఆపైన కత్తెర పక్కన పెట్టేసి రెండు చేతులతో సర్రున చింపేస్తాడు. గాటు పెట్టకుండా చింపమంటే ఎంత బలమున్నవాడికైనా కష్టమే. గుడ్డంతా పంచుకోవాల్సిన లాగుడు గాటు కొసనున్న నాలుగు పోగుల మీద పడుతుంది. ఇంజనీర్లు స్ట్రెస్ కాన్సంట్రేషన్ అనేది దీన్నే.

లోహమూ అంతే. వెడల్పాటి రేకుకి గుండ్రటి బెజ్జం వేసి లాగితే, బెజ్జం అంచున ఒత్తిడి మూడు రెట్లవుతుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లో లెక్కగట్టి చూపించాడు. బెజ్జం ఎంత చిన్నదైనా ఆ మూడు తగ్గదు. 1913లో బ్రిటన్‌లో ఇంగ్లిస్ ఆ లెక్కని దీర్ఘవృత్తానికి పెంచాడు. లాగే దిశకి అడ్డంగా ఉన్న బెజ్జం పొడవు వెడల్పుకి పది రెట్లుంటే, దాని కొసన ఒత్తిడి 21 రెట్లు! పగులంటే ఇంకా సన్నటి దీర్ఘవృత్తమే కదా. అందుకే పాకుతున్న పగులు కొసన డ్రిల్లుతో గుండ్రటి బెజ్జం వేసి దాన్ని నిలబెడతారు. ఉన్న లోహాన్ని కొంత తీసేస్తే వస్తువు ఇంకొంత కాలం బతుకుతుంది. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

నా పని ఎక్కువగా షాఫ్టులతో. తిరుగుతూ తిరుగుతూ విరిగిన షాఫ్టు ముక్క బల్ల మీదికి వచ్చినప్పుడు ముందు విరిగిన ముఖాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తాను. అంచు నుంచి లోపలికి, పోటు తగ్గాక ఇసుకలో మిగిలే గీతల్లా, నునుపైన వంపులు కనిపిస్తాయి. పగులు ఆగుతూ సాగుతూ నడిచిన దారి అది. చివర్లో ఒక్కసారిగా తెగిన చోటు మాత్రం గరుకుగా ఉంటుంది. ఆ గరుకు భాగం చిన్నగా ఉందంటే, మిగిలిన ఆ కాస్త లోహమే చివరిదాకా బరువు మోసిందన్నమాట. అలాంటప్పుడు తప్పు షాఫ్టు లావుది కాదు, పగులు పుట్టిన చోటుది. ఆ చోటు చాలాసార్లు భుజం దగ్గరే, అంటే సన్నటి భాగం లావుపాటి భాగంలో కలిసే మలుపు దగ్గరే ఉంటుంది. అయినా మిషను యజమాని నోట మొదట వచ్చే మాట “ఇంకాస్త లావు వేయించండి సార్”. భుజం పదునుగానే ఉంచి లావు పెంచితే డబ్బు దండగ. ఆ మాట నేను గట్టిగానే చెబుతాను.

ఇది కొత్తగా తెలిసిందేమీ కాదు. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి వస్తున్న రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. మరుసటి ఏడాదే స్కాట్లాండ్ యువ ఇంజనీరు రాంకిన్, ఇరుసు భుజాల్ని పెద్ద వంపుతో చేయాలని రాశాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా డ్రాయింగుల్లో ఆ వంపు రేడియస్ అంకె రాయకుండా వదిలేస్తున్నారు. అంకె లేకపోతే టర్నరు ఆ పూట లేతుకి ఉన్న టూల్‌తోనే మూల తీస్తాడు. అందులో అతని తప్పేం లేదు.

కంప్యూటర్లో ఒత్తిడి లెక్కగట్టేటప్పుడూ ఇదే తిప్పలు. రేడియస్ గీయని లోపలి మూల దగ్గర మెష్‌ని, అంటే లెక్క కోసం వస్తువుని ముక్కలు చేసే వలని, సన్నం చేసినకొద్దీ ఒత్తిడి అంకె పెరుగుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. కొత్తగా చేరిన పిల్లలు ఏ అంకె నమ్మాలని అడుగుతారు. ఏదీ వద్దంటాను. ముందు అసలు వస్తువు మీద రేడియస్ ఎంతో కొలిచి, దాన్ని గీసి రమ్మంటాను.

అంకె రాయడం కూడా అనుకున్నంత తేలిక కాదు. 50 మిల్లీమీటర్ల షాఫ్టు, 60 భుజం అనుకోండి. షాఫ్టుని వంచే బరువుకి, 1 మిల్లీమీటరు రేడియస్ ఇస్తే మూలలో ఒత్తిడి సుమారు 2.3 రెట్లు, 3 ఇస్తే 1.8 రెట్లు. అయితే 3 ఇచ్చేద్దామంటే, అక్కడ కూర్చోవాల్సిన 6210 బేరింగు ఒప్పుకోదు. షాఫ్టు రేడియస్ 1 మిల్లీమీటరు దాటితే దాని లోపలి రింగు మూల వంపు మీదికెక్కి, భుజానికి ఆనకుండా వంకరగా కూర్చుంటుంది. అప్పుడు బేరింగుకీ భుజానికీ మధ్య ఒక రింగు వేస్తాం. రేడియస్ వైపు దాని లోపలి అంచుని బాగా ఏటవాలుగా చాంఫర్ చేయిస్తే, షాఫ్టుకి 3 మిల్లీమీటర్ల వంపు దక్కుతుంది, బేరింగుకి ఆనడానికి నిటారు గోడా దొరుకుతుంది. బాలానగర్‌లో ఏ లేత్ షాపులోనైనా ఆ రింగు చేసిపెడతారు. రింగు ఏ వైపు తిప్పి ఎక్కించాలో మాత్రం డ్రాయింగులో బాణం వేసి చూపించాలి.