ఊపిరి వదిలితేనే ఈత

మన ఊళ్లలో ఈత నేర్చినవాళ్లు చాలామంది తల నీటిపైన నిలిపే ఈదుతారు. దిగుడుబావిలోకో చెరువులోకో పిల్లల్ని దించేటప్పుడు పెద్దలు నడుముకు ఎండిన సొరకాయ బుర్రనో, బెండ్ల కట్టనో, లారీ ట్యూబునో కట్టేవారు. మునగకుండా తేలడం, గట్టు చేరడం నేర్పేవారు. అది చిన్న విద్య కాదు. కాలువలో ఎదురుగా కొట్టుకొచ్చే దుంగను తప్పుకోవాలన్నా, మునుగుతున్న మనిషిపై చూపు తప్పకుండా చేరుకోవాలన్నా తల ఎత్తి ఈదడమే దారి. కానీ అదే పద్ధతిలో స్విమ్మింగ్ పూల్ ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు ఈదేసరికి ఎగశ్వాస వస్తుంది. ఒంట్లో బలం ఉన్నవాళ్లకూ వస్తుంది. లోపం ఊపిరి పద్ధతిలో ఉంది.

దమ్ము చాలడం లేదని అందరూ అనుకుంటారు. నిజానికి మనల్ని ముందుగా ఉక్కిరిబిక్కిరి చేసేది ఆక్సిజన్ కొరత కన్నా రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్. కొత్తవాళ్లు ముఖం నీటిలో పెట్టగానే దమ్ము బిగపడతారు. తల బయటికి తిప్పిన ఆ కొద్ది క్షణాల్లోనే పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ అరకొరగానే జరుగుతాయి. నాలుగు బారలు వేసేసరికి లోపల పాత గాలి మిగిలిపోయి కొత్త గాలికి చోటుండదు. అందుకే ఈతలో శ్వాస పాఠం వదలడంతోనే మొదలవ్వాలి.

దానికి కొలను అక్కర్లేదు, నడుములోతు నీరు చాలు. గట్టు పట్టుకుని నోటితో గాలి పీల్చండి. ముఖం ముంచి ముక్కుతో, నోటితో బుడగలుగా నిదానంగా వదలండి. తల తేల్చే ముందు మిగిలిన గాలిని ఒక్క ఊపున ఊదేయండి. అప్పుడు పైకి రాగానే కొత్త గాలి సులువుగా నిండుతుంది. ముక్కు నుంచి గాలి బయటికి వస్తున్నంతసేపు నీరు లోపలికి రాదు కాబట్టి పొలమారదు. ఆయాసం లేకుండా వరసగా ఇరవైసార్లు చేయగలిగాకే బార వేయడం మొదలుపెట్టాలి.

ఫ్రీస్టైల్‌లో పరీక్ష తల తిప్పే దగ్గర వస్తుంది. నీటిపై బోర్లా తేలే శరీరం త్రాసు లాంటిది. తల ఎత్తితే నడుము, కాళ్లు దిగిపోతాయి, వాటిని ఈడ్చుకుంటూ పోవాల్సి వస్తుంది. కాబట్టి చూపు కొలను అడుగున ఉంచి, భుజంతో పాటు మొండెం పక్కకు ఒరిగినప్పుడు దానితోనే తల తిరగనివ్వాలి. ఒక కన్ను నీటిలోనే ఉండాలి. ముందుకు సాగే తల నీటిని తోసుకుంటూ పోతుంది కాబట్టి చెంప పక్కన చిన్న పల్లం ఏర్పడుతుంది. నోటికి గాలి ఆ పల్లంలోనే దొరుకుతుంది. పీల్చిన వెంటనే, చేయి నీటిలో పడకముందే ముఖం తిరిగి లోపలికి వెళ్లాలి. మూడు బారలకొకసారి పీలిస్తే రెండు వైపులా అలవాటవుతుంది, శరీరం ఒకవైపే లాగదు. అంత సేపు ఆగలేనివాళ్లు రెండు బారలకొకసారి పీల్చవచ్చు, అందులో తప్పేమీ లేదు.

బ్రెస్ట్‌స్ట్రోక్‌లో చేతులు లోపలికి ముడుచుకునే వేళ ఛాతీ దానంతట అదే లేస్తుంది, అప్పుడే పీల్చాలి. చేతులు ముందుకు చాచి జారేటప్పుడు వదలాలి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జపాన్ ఈతగాడు మసారు ఫురుకావా 200 మీటర్ల పోటీలో చాలా దూరం నీటి అడుగునే ఈది స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత నిబంధన మారింది. ఇప్పుడు ప్రతి బారకూ తల నీటిపైకి రావాల్సిందే. బటర్‌ఫ్లైలో చేతులు వెనక్కి తోయడం ముగిసే వేళ గడ్డాన్ని నీటికి ఆనించినట్టు ఉంచి పీల్చాలి, చేతులు ముందుకు పడకముందే తల దించాలి. బ్యాక్‌స్ట్రోక్‌లో ముఖం బయటే ఉంటుంది కదా అని చాలామంది ఊపిరిని పట్టించుకోరు, ముక్కులోకి నీళ్లు ఎక్కించుకుంటారు. ఒక చేతి బారకు పీల్చి, రెండో చేతి బారకు ముక్కుతో వదిలితే ఆ బాధ ఉండదు.

ముఖం ముంచి ఈదే పద్ధతి యూరప్‌కూ పాతది కాదు. 1875లో కెప్టెన్ మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ చానల్‌ను తల ఎత్తి వేసే బ్రెస్ట్‌స్ట్రోక్‌తోనే 21 గంటల 45 నిమిషాల్లో దాటాడు. మార్చి మార్చి బారలు వేసే ఈత పసిఫిక్ దీవులవాళ్లకూ, అమెరికా ఆదివాసులకూ ముందునుంచే తెలుసు. వాళ్ల నుంచి అది లోకమంతా పాకింది. హవాయి వీరుడు డ్యూక్ కహనమోకు 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచి దానికి పేరు తెచ్చాడు. ముఖం నీటిలో ఉంచి పక్కకు తిప్పి పీల్చే క్రమాన్ని తర్వాతి తరాలు తీర్చిదిద్దాయి. 2021లో హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల శ్రీలంక వైపు నుంచి ధనుష్కోడి వరకు పాక్ జలసంధిని సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటలకు పైగా ఈదారు. అన్ని గంటలు సముద్రంలో సాగాలంటే ఊపిరి లయ తప్పకూడదు.

ఒక హెచ్చరిక. బావుల్లో, చెరువుల్లో దమ్ము పట్టే పందేలు ఇప్పటికీ జరుగుతున్నాయి. మునిగే ముందు గబగబా నాలుగైదు లోతైన శ్వాసలు తీస్తే ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. ఇక పైకి రమ్మని శరీరం చెప్పేలోపే నీటి అడుగున స్పృహ తప్పవచ్చు. గొప్ప ఈతగాళ్లు కూడా ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పందెం పిల్లల్ని ఎన్నడూ ఆడనివ్వకండి.

మన పెద్దలు నేర్పిన తేలే విద్యను వదులుకోనక్కర్లేదు, దానికి ఊపిరి విద్యను జోడిద్దాం. పిల్లల్ని ఈతకు పంపే తల్లిదండ్రులూ, నేర్పే గురువులూ మొదటి రోజు దూరం అడగకండి, వేగం అడగకండి. నీటిలో నింపాదిగా బుడగలు వదలడం నేర్పండి. అది వచ్చిన బిడ్డకు నీటి భయం సగం తీరినట్టే.