సారెలో కుక్క

తమిళనాడులో మా అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి పల్లెల్లో కన్ని అనే వేటకుక్క ఉంది. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, నల్లటి ఒంటిమీద అక్కడక్కడా గోధుమరంగు. కన్ని అంటే మన కన్నె. అత్తారింటికి వెళ్లే పిల్లతో దీన్ని సారెగా పంపేవారనీ, ఆ పేరు అందుకే వచ్చిందనీ పెద్దలంటారు. కాపలాకి కాబోలనుకునేదాన్ని చిన్నప్పుడు. ఇప్పుడలా అనిపించదు. కొత్తింట్లో నడకకీ మాటకీ వంటకీ వంకలు పెట్టేవాళ్ల మధ్య, పుట్టింటి నుంచి తనను ఎరిగిన ప్రాణి ఒక్కటైనా ఉండాలని ఏ తల్లో అనుకుని ఉంటుంది.

బడిలో నన్ను ‘గొల్టి’ అనేవారు. తెలుగువాళ్లని వెక్కిరించే మాట అది. ఆటలో చేర్చుకోని రోజున ఇంటికొస్తే అమ్మ ‘ఏమైంది?’ అనేది. చెప్పాలంటే ఇంకోసారి ఏడవాలి. మా కన్ని, పేరు మణి (ఇక్కడ వీధికొక మణి ఉంటాడు), ఏమీ అడిగేది కాదు. సజ్జ అంబలి తాగిన తడిమూతి తెచ్చి నా మోకాలిమీద పెట్టేది. కొత్తవాళ్ల దగ్గరికి రాని జాతి అది. ఊళ్లో అందరికీ తోకాడించే కుక్కయితే నాకంత ఊరట దొరికేది కాదేమో. పెద్దయ్యాక విజయవాడ బస్టాండులో తెలుగులోనే దారి అడిగితే ‘మీది అరవమా?’ అన్నారు. ఆ రాత్రి గుర్తొచ్చిందీ మణే.

అమెరికాలో మియామీ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్త అలెన్ మెకానెల్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. పాల్గొన్నవాళ్లని, తమను ఎవరో దూరం పెట్టిన సందర్భాన్ని ముందు గుర్తుచేసుకుని రాయమన్నారు. తర్వాత కొందరు పెంపుడు జంతువు గురించీ, కొందరు ఇష్టమైన స్నేహితుల గురించీ రాశారు. ఇంకొందరు క్యాంపస్ పటం గీశారు. పటం గీసినవాళ్ల బాధ అలాగే ఉంది. జంతువుని తలుచుకున్నవాళ్లు మాత్రం స్నేహితుల్ని తలుచుకున్నవాళ్లంతగా తేరుకున్నారు. తలుచుకుంటేనే!

2005లో మన తపాలాశాఖ దేశీ కుక్కలమీద బిళ్లలు వేసింది. తెలుగు రాజుల ఊరు రాజపాళయం కుక్కకి చోటు దక్కింది. మా కన్నికి దక్కలేదు. దానికి పట్టిందీ లేదు.

వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. కాపురం చెన్నైలో, నాలుగో అంతస్తు ఫ్లాటు. కుక్కలు కూడదని ఒప్పంద పత్రంలోనే రాశారట. సారె పట్టిక రెండుసార్లు తిరగేశాను. ఫ్రిజ్జుంది, బీరువా ఉంది.